దానంగా వచ్చిన గుండెకు డిపాజిట్ ఎందుకు?

గుండె జబ్బుతో మంచాన ఉన్నవారి కుటుంబాలకు, ప్రజలకు విజ్ఞప్తి

పల్నాడు నుంచి వచ్చిన పంతొమ్మిదేళ్ల కుర్రాడు పోయిన గురువారం తెల్లవారుజామున ఆసుపత్రిలో మా చెల్లెలి పక్క మంచం మీదే ప్రాణం వదిలాడు. గుండె మార్పిడి ఆపరేషన్ డబ్బు కోసం వాళ్ల నాన్న అరెకరం బేరం పెట్టాడు. సోమవారం రిజిస్ట్రేషన్ అనుకున్నారు.

గుండె పంపింగ్ పదిహేను శాతానికి పడిపోయిన మనిషి ఇంట్లో ఉంటే ఎలా ఉంటుందో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. మా చెల్లెలికి కాన్పయిన నాలుగో నెలలో ఆయాసం మొదలైంది. పడుకుంటే ఊపిరాడదు. మూడు దిండ్లకు ఆనుకుని రాత్రంతా కూర్చునే ఉంటుంది. రోజుకు లీటరు నీళ్లే తాగాలన్నారని మా అమ్మ సీసా మీద పెన్నుతో గీతలు పెట్టింది. మొన్న వడగాడ్పుల రోజున మధ్యాహ్నానికే ఆఖరి గీత దాటింది. పొద్దుగూకేదాకా తడిగుడ్డతో పెదాలు అద్దుకుంటూ గడిపింది.

గుండె మార్పిడి ఒక్కటే దారన్నారు. ఒక కార్పొరేట్ ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరు కంటే ముందు బిల్లింగ్ కౌంటర్లో కూర్చోబెట్టారు. 22 లక్షల డిపాజిట్ చూపిస్తేనే గుండె కోసం ఎదురుచూసేవాళ్ల లిస్టుకు పేరు పంపుతారట. ఆరోగ్యశ్రీ కార్డు ఇస్తే, ఈ ఆపరేషన్‌కు ఇక్కడ చెల్లదని తిరిగి చేతిలో పెట్టారు. పరిమితి 25 లక్షలకు పెంచుతున్నామని 2023 డిసెంబరులో ప్రకటించింది ఈ కార్డుకే కదా!

బ్రెయిన్ డెడ్ అయిన బిడ్డ గుండెను కన్నవాళ్లు ఏడుస్తూ సంతకం పెట్టి ఇస్తారు. పైసా పుచ్చుకోరు. అవయవాలు అమ్మినా కొన్నా 1994 చట్టం ప్రకారం నేరం. నాలుగు గంటల్లో అమర్చాలని పోలీసులు దారి ఖాళీ చేయిస్తారు, మనమంతా బండ్లు పక్కకు తీసి నిలబడతాం. హైదరాబాదులో మెట్రో రైల్లో కూడా తీసుకెళ్లారు. ఇంతమంది చేతుల మీదుగా ఉచితంగా వచ్చిన గుండెను డబ్బు కట్టినవాడికే ఇచ్చే హక్కు ఎవరిచ్చారు? డబ్బు లేనివాడి పేరు లిస్టులోకే ఎక్కదు. వాడు చచ్చిపోయినా ఎదురుచూస్తూ పోయినవాళ్ల లెక్కలోకి రాడు. ఆ కుర్రాడూ రాడు. దీన్ని హత్య అనే అంటాం.

సర్కారు ఆసుపత్రిలో కుదరదంటారా? దేశంలో విజయవంతమైన మొదటి గుండె మార్పిడి 1994 ఆగస్టు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లోనే జరిగింది. చేసింది రాజమండ్రిలో పుట్టిన డాక్టర్ వేణుగోపాల్. 2016లో మన గుంటూరు జీజీహెచ్‌లో డాక్టర్ ఆళ్ల గోపాలకృష్ణ గోఖలే బృందం చేసి చూపించింది. సిబ్బంది లేరు, నిధులు లేవు అనేవాళ్లతో వాదించే ఓపిక మాకు లేదు. చేసిన చోటే మళ్లీ చేయండి.

డిపాజిట్ అడగకుండా పేరు చేర్చాలి, ఆపరేషన్ కార్డు మీదే జరగాలి. టాక్రోలిమస్ లాంటి మందులు బతికినన్నాళ్లూ వాడాలి, ఆపితే ఒళ్లు ఆ గుండెను నిలవనివ్వదు. వాటిని నెలనెలా జిల్లా ఆసుపత్రిలోనే ఉచితంగా ఇవ్వాలి. సీఎం సహాయ నిధి చెక్కు కోసం నాయకుల ఇళ్ల ముందు పడిగాపులు ఇక మావల్ల కాదు.

వచ్చే సోమవారం ఉదయం 10 గంటలకు గుంటూరు కలెక్టరేట్‌లో గ్రీవెన్స్‌కు రండి. ఎకో రిపోర్టు, రేషన్ కార్డు జిరాక్సులు వెంట తెచ్చుకోండి. పేషెంటును తీసుకురావద్దు, మెట్లు ఎక్కలేరు. ఫొటో తెండి, చాలు.