‘మనోడే’ అంటే సరిపోదు

షోలాపూర్‌లో మన కార్ఖానాల గురించి ఒక మాట చెప్పుకోవాలి. కొంచెం పొడుగే, ఓపికగా చదవండి.

మన దగ్గర పనికి మనిషి కావాలంటే ప్రకటన ఇవ్వం. ఉన్న కామ్‌గారునే అడుగుతాం, అతను తన బామ్మర్దినో పక్కింటి పిల్లగాణ్నో తీసుకొస్తాడు. పగారు నోటిమాట మీదే ఖాయమవుతుంది. కాగితం ఊసెత్తితే “మనోళ్ల మధ్య కాగితాలెందుకు” అంటాం. ఈ నమ్మకం మీదే మన చద్దర్లు, టవళ్ల వ్యాపారం తరాలుగా నడిచింది. దాన్ని మేం తక్కువ చేయడం లేదు.

కానీ ‘మనోడు’ అనే మాట ఎప్పుడు గుర్తొస్తుందో చూడండి. ఆర్డరు అర్జెంటయితే, రాత్రి షిఫ్టుకు మనిషి తక్కువైతే అతను మనోడు. చేతికి దెబ్బ తగిలి ఆసుపత్రిలో పడ్డా, పీఎఫ్ అడిగినా ఉత్త కామ్‌గారు. 20 మంది అయితే పీఎఫ్ కట్టాలని ఒకే షెడ్డులోని మగ్గాలను భార్య పేర కొన్ని, తమ్ముడి పేర కొన్ని రాసే లెక్కలు మనకు తెలియనివి కావు. మన వాడల్లో బీడీలు చుట్టే ఆడవాళ్లలో చాలామందికి పీఎఫ్ ఖాతా ఉంది. అదే ఇంట్లో మగ్గం మీద పనిచేసే మగమనిషికి చాలా చోట్ల లేదు.

“నూలు ధర రోజుకో తీరు, మాకు మిగిలేదెంత?” అని చిన్న యజమానులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. లెక్క వేసి చూద్దాం. 10 మంది ఉన్న కార్ఖానాకు ఈఎస్ఐ వర్తిస్తుంది. యజమాని వాటా 3.25 శాతం, అంటే 12,000 పగారు మీద నెలకు 390 రూపాయలు. దాంతో అతనికీ ఇంటివాళ్లకీ వైద్యం దొరుకుతుంది. గ్రాట్యుటీ ఏడాదికి 15 రోజుల పగారు. ఇదే పగారు మీద ఇరవై ఏళ్లకు సుమారు 1,38,000 అవుతుంది. ఒక్కసారిగా ఇవ్వాలంటే నడుం విరుగుతుంది. ఏటా ఏడు వేలు పక్కన పెడితే అంత బరువు కాదు.

ఇక అడ్వాన్సు. “వేలకు వేలు తీసుకుని పక్క కార్ఖానాకు పోయాడు” అనే మాట ప్రతి మీటింగులో వింటాం. బాకీ పెట్టి మనిషిని కట్టేద్దామనుకుంటే, ఆ బాకీ తీర్చే ఇంకో సేఠు దొరికిన రోజే వెళ్లిపోతాడు. అవసరానికి ఇవ్వండి, కానీ ఎంత ఇచ్చారో, నెలకు ఎంత కోస్తారో రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. కోతలన్నీ కలిపి పగారులో సగం దాటకూడదని చట్టమే చెబుతోంది.

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌ల ప్రకారం పనిలో పెట్టుకునే ప్రతి మనిషికీ నియామక పత్రం ఇవ్వాలి. చట్టం సంగతి అటుంచినా, మనకు మనుషులు దొరకడం లేదు. మన కామ్‌గార్ల పిల్లలు పుణె వెళ్లి కంపెనీల్లో చేరుతున్నారు. అక్కడ వాళ్లను మనోడు అనేవాళ్లు లేరు, కానీ నెలనెలా పగారు చీటీ ఉంది.

అందుకే సంఘం ముందు ఒక ప్రతిపాదన పెడుతున్నాం. మరాఠీలో, తెలుగులో ఒక్క పేజీ నమూనా పత్రం సంఘమే అచ్చు వేయించి ఇవ్వాలి. పని ఏమిటి, పగారు ఎంత, సెలవులెన్ని, అడ్వాన్సు ఎలా తీరుతుంది, ఇవి ఉంటే చాలు. ఈఎస్ఐ, పీఎఫ్ రిజిస్ట్రేషన్ తెలియని చిన్న యజమానులకు నెలకో ఆదివారం ఆఫీసులో ఎవరైనా కూర్చుని చేసిపెట్టాలి. నారళీ పున్నమికి మార్కండేయ రథం వెంట యజమాని, కామ్‌గారు పక్కపక్కనే నడుస్తారు. ఈసారి ఆ పండగకు ముందే మొదటి వంద పత్రాలు చేతికివ్వగలమా? వచ్చే మీటింగులో మీ మాట చెప్పండి. ఒప్పుకోనివాళ్లు తప్పకుండా రండి.