ముక్కుకు అలవాటైనా.. ఊపిరితిత్తులకు కాదు!

పండక్కి ఊరొచ్చిన ఓ యువకుడు దేవరకొండలో మా ఓపీకి వచ్చాడు. హైదరాబాద్ శివారులోని ఒక రసాయన పరిశ్రమలో పని. నెలల తరబడి దగ్గు, రాత్రిళ్లు పిల్లికూతలు. ఇంటికొస్తే తగ్గుతాయి, పనిలో చేరగానే మళ్లీ మొదలు. ‘అక్కడ వాసన రాదా?’ అని అడిగాను. ‘మొదట్ల వచ్చేది సార్, ఇప్పుడు అలవాటైపోయింది’ అన్నాడు.

అలవాటు పడింది ముక్కు మాత్రమే. కుళ్లిన కోడిగుడ్ల వాసనొచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ మోతాదు పెరిగితే, వాసన పసిగట్టే శక్తే మొద్దుబారుతుంది. మన ఇళ్ల నుంచి ఎందరో పటాన్‌చెరు, జీడిమెట్ల, చౌటుప్పల్ వైపు పనులకు వెళ్తున్నారు. అందుకే ఈ సంగతి మీకు తెలియాలి. పటాన్‌చెరు-బొల్లారాన్ని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లోనే తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో చేర్చింది.

విషవాయువులను బయటికి వదలకముందే శుద్ధి చేసే మార్గాలున్నాయి. ఒకటి, జీవ వడపోత. కంపోస్టు, కొబ్బరిపీచు, చెక్కముక్కలను తడిగా పరిచి, వాటిపై పెరిగే బ్యాక్టీరియా మధ్య నుంచి గాలిని పంపుతారు. టోలుయీన్ వంటి ద్రావకాల ఆవిరిని అవి తినేసి కార్బన్ డయాక్సైడ్, నీరుగా మారుస్తాయి. ఆ పొర ఎండిపోయినా, గాలి మరీ వేడిగా వచ్చినా బ్యాక్టీరియా చనిపోతుంది.

రెండోది అధిశోషణం. కొబ్బరిచిప్పల నుంచి తయారుచేసే యాక్టివేటెడ్ కార్బన్ ఒక్క గ్రాములో దాదాపు 1,000 చదరపు మీటర్ల ఉపరితలం ఉంటుంది. రసాయన ఆవిరి దానికి అంటుకుపోతుంది. రంధ్రాలు నిండాక బొగ్గును మార్చాలి, లేదా శుభ్రపరచాలి. లేదంటే పరికరం ఉన్నా లేనట్టే. మీ ఇంట్లో నీళ్ల ఫిల్టరు సంగతీ అంతేగా!

2020 మే 7న విశాఖ ఆర్.ఆర్.వెంకటాపురంలో స్టైరీన్ లీకై 12 మంది చనిపోయారు. అలాంటి ప్రమాదాన్ని ఈ వడపోతలు ఆపలేవు. అవి ఆపగలిగేది రోజూ కొద్దికొద్దిగా వెలువడే ఆవిరిని. అది వార్తల్లోకి రాదు, నేరుగా మా ఓపీకి వస్తుంది.

కాబట్టి దగ్గుతో వెళ్తే డాక్టరుకు మీ పనేమిటో, ఏ రసాయనాల మధ్య ఉంటారో చెప్పండి. గుడ్డ మాస్కు, ఎన్95 ఆవిరిని ఆపవు. కార్బన్ క్యాట్రిడ్జ్ ఉన్న మాస్కు కావాలి, దాన్నీ వేళకు మార్చాలి. మీ కాలనీకి ఘాటు వాసనొస్తే తేదీ, సమయం, గాలి దిశ రాసిపెట్టి కాలుష్య నియంత్రణ మండలికి ఫిర్యాదు చేయండి. ‘ఫిల్టరు ఉందా?’ అని కాదు, ‘బొగ్గు ఎప్పుడు మార్చారు?’ అని అడగండి.

ఆ యువకుడికి ఇన్‌హేలర్ రాశాను. కానీ అతని అసలు చికిత్స ఆ పరిశ్రమ గొట్టం దగ్గరే మొదలవ్వాలి.