మెస్సులో మొదలైన చరిత్ర

పరీక్షలు దగ్గరపడ్డాయంటే హాస్టల్లో చరిత్ర విద్యార్థి గది ఏదో ఎవరూ చెప్పనక్కరలేదు. తలుపు వేసి ఉంటుంది. లోపలినుంచి సన్నగా పారాయణం వినిపిస్తూ ఉంటుంది. 1757 ప్లాసీ, 1764 బక్సార్, 1789 ఫ్రెంచి విప్లవం, 1857 సిపాయిల తిరుగుబాటు... గోడ నిండా చీటీలు. ఏ విప్లవానికైనా కారణాలు ఆరు, ఫలితాలు అయిదు. రాజకీయ కారణాలు, ఆర్థిక కారణాలు, సాంఘిక కారణాలు, ఆఖరున తక్షణ కారణం. పేర్లు మార్చుకుంటే చాలు, ఫ్రాన్సుకు రాసిన జవాబు రష్యాకూ సరిపోతుంది. నేనూ అలాగే చదివాను. మార్కులూ వచ్చాయి. కనుక ఇది అందని ద్రాక్షల వ్యవహారం కాదని ముందే మనవి.

నా ఫిర్యాదు తేదీల మీద కాదు. తేదీ లేని చరిత్ర కాశీమజిలీ కథ అవుతుంది. మహాపురుషుల మీద అంతకన్నా కాదు. నా ఫిర్యాదల్లా ఆ ఆఖరి పాయింటు మీద. తక్షణ కారణాన్ని మన గైడ్లు ఒక్క వాక్యంలో తేల్చేస్తాయి, రెండు మార్కులకు అంతకన్నా ఎక్కువ అక్కరలేదు గనక. తీరా వెళ్ళి చూస్తే మనుషులు కనబడేది అక్కడే. ఇంకో తమాషా ఏమిటంటే, ఆ మనుషుల చేతుల్లో చాలాసార్లు కత్తి ఉండదు, ఖాళీ కంచం ఉంటుంది.

ఫ్రెంచి విప్లవమే తీసుకోండి. 1789 జూలై 14న బాస్టిల్ కూలింది, అందరికీ తెలుసు. కాని ఆ తర్వాత కూడా రాజు వెర్సేల్స్ భవనంలో నిశ్చింతగానే ఉన్నాడు. ఆయన్ని అక్కణ్ణించి కదిలించింది మేధావులు కాదు, పారిస్ బజారులో చేపలూ కూరలూ అమ్ముకునే ఆడవాళ్ళు. రొట్టె దొరకడం లేదని అక్టోబరు 5న వాళ్ళు గుంపుగా బయలుదేరి, వానలో దాదాపు ఇరవై కిలోమీటర్లు నడిచి, మర్నాడు రాజునీ రాణినీ పిల్లవాణ్ణీ వెంటబెట్టుకుని పారిస్‌కు తిరిగివచ్చారు. రాజు మళ్ళీ వెర్సేల్స్‌లో కాపురం ఉండలేదు.

ఆ ఆడవాళ్ళ సంగతి మన క్లాసులో ఎంతమందికి తెలుసు? "రొట్టె లేకపోతే కేకు తినమనండి" అని రాణి మేరీ ఆంటోనెట్ అన్నదన్న మాట మాత్రం పదో తరగతి పిల్లాడికి కూడా తెలుసు. అసలు ఆవిడ ఆ మాట అన్నదనడానికి ఆధారమే లేదు. ఎవరో ఒక గొప్పింటి రాకుమారి అన్నదంటూ రూసో తన ఆత్మకథలో ఆ మాట రాసేనాటికి ఈవిడ ఆస్ట్రియాలో ఇంకా చిన్నపిల్ల. ఇదీ మన చరిత్ర జ్ఞాపకం! జరగని మాట గుర్తుంది, అందులో రాణి ఉంది గనక. జరిగిన నడక మరిచిపోయాం, అందులో చేపలమ్మేవాళ్ళు ఉన్నారు గనక.

మరో రెండు చూద్దాం. 1905 జూన్‌లో నల్లసముద్రంలో పొటెమ్కిన్ అనే రష్యన్ యుద్ధనౌక మీద నావికులకు వండడానికి తెచ్చిన మాంసంలో పురుగులు కనబడ్డాయి. ఓడ డాక్టరు వచ్చి చూసి, కడిగి తినవచ్చునన్నాడు. నావికులు తినం అన్నారు. అధికారులు తుపాకులు చూపించారు. సాయంత్రానికి ఓడ నావికుల చేతుల్లో ఉంది. ఇరవై ఏళ్ళ తర్వాత ఐసెన్‌స్టీన్ తీసిన సినిమాను మన ఫిల్మ్ సొసైటీలవాళ్ళు ఇప్పటికీ భక్తిగా చూపిస్తూ ఉంటారు. 1917లో పెట్రోగ్రాడ్‌లోనూ రొట్టె సంగతే. మార్చి 8న, పాత రష్యన్ పంచాంగం ప్రకారం ఫిబ్రవరి 23న, బట్టలమిల్లుల్లో పనిచేసే ఆడవాళ్ళు పని ఆపి వీధిలోకి వచ్చారు. వారం తిరిగేసరికి మూడు వందల ఏళ్ళ రొమనోవ్ వంశం సింహాసనం దిగిపోయింది. అప్పుడు లెనిన్ ఎక్కడున్నాడు? స్విట్జర్లాండులో, జూరిచ్‌లో. అంతకు ఏడు వారాల ముందే అక్కడి యువకులతో, రాబోయే విప్లవపు నిర్ణాయక పోరాటాలను మా తరం పెద్దవాళ్ళం చూడకపోవచ్చునని చెప్పాడు. ఇందులో లెనిన్‌కు చిన్నతనం ఏమీ లేదు. అంతటి దూరదృష్టి కలవాడికి కూడా రొట్టె క్యూలో నిలబడిన మనిషి మనసు జూరిచ్ నుంచి కనబడలేదని మాత్రమే నా మాట.

ఇదంతా ఒక రాత్రి మెస్సులో చెబుతుంటే పక్కన కూర్చున్న ఎకనామిక్స్ మిత్రుడు సాంబారు వంక చూసి, "కూడు బాగాలేకపోతే విప్లవం వస్తుందంటే మన హాస్టల్లో ఎప్పుడో రావాలి కదరా!" అన్నాడు. అందరం నవ్వుకున్నాం. కాని తర్వాత అతనే గట్టి ప్రశ్న వేశాడు. "ఆకలే చరిత్రను నడిపిస్తే 1943లో బెంగాల్ ఎందుకు ఊరుకుంది?"

ఆ ప్రశ్నకు ఆ రాత్రి నా దగ్గర జవాబు లేదు. బెంగాల్ కరువులో చనిపోయినవాళ్ళు ఇరవై నుంచి ముప్ఫై లక్షలమందని అంచనాలు. పల్లెలు వదిలి కలకత్తా వీధుల్లోకి వచ్చినవాళ్ళు అన్నం కూడా కాదు, గంజి అడుక్కుంటూ దుకాణాల ముందే ప్రాణాలు విడిచారు. దుకాణాల్లో బియ్యం ఉన్నాయి. ఆ ఏడు బెంగాల్‌లో ఉన్న తిండిగింజలు, కరువులేని 1941 కన్నా తక్కువేమీ కావని అమర్త్య సేన్ 1981లో అచ్చయిన తన పుస్తకంలో లెక్కలు వేసి చూపించాడు. లేనిది గింజలు కాదు, కూలివాడి చేతిలో ఆ ధరకు కొనగల డబ్బు. అయినా కొట్లు పగలలేదు, సింహాసనాలు కదలలేదు.

తర్వాత ఆలోచిస్తే నాకు తోచింది ఇది. ఆకలి ఒక్కటే మనిషిని తిరగబడేట్టు చెయ్యదు, కుంగదీస్తుంది. బెంగాల్ రైతుకూలీ ఇల్లు విడిచి, తెలియని నగరంలో, తన పిల్లల్ని పట్టుకుని ఒంటరిగా పస్తున్నాడు. పొటెమ్కిన్ నావికుడు ఒంటరివాడు కాదు. అందరిదీ ఒకే కడవలో కూడు, ఒకే అధికారి తిట్లు, ఒకే ఇరుకు గది. మిల్లు ఆడవాళ్ళకూ అంతే, ఒకే క్యూ. తిండి బాగాలేకపోవడం ఒక్కటే కాదు, దాన్ని తినమనడంలో ఉన్న అవమానం కూడా ఉంది. కలిసి ఉన్నవాళ్ళకు జరిగిన అవమానం, అదీ తక్షణ కారణం. గైడులో ఈ పాయింటు ఉండదు.

ఇప్పుడు మన దేశానికి వద్దాం. 1946 ఫిబ్రవరి 18. బొంబాయిలో తల్వార్ అనే నౌకాదళ శిక్షణ కేంద్రం, వైర్‌లెస్ సంకేతాలు నేర్పే చోటు. అక్కడి భారతీయ నావికులు ఆ ఉదయం తిండి ముట్టలేదు, పనిలోకి వెళ్ళలేదు. కూడు అధ్వాన్నం, జీతాల్లో తెల్లవాళ్ళతో తేడా. అన్నిటికీ మించి, కమాండరు పుట్టుక ఎత్తి తిట్టిన తిట్లు. గోడల మీద 'క్విట్ ఇండియా' అని రాసినందుకు బి.సి. దత్ అనే కుర్రాణ్ణి అంతకుముందే నిర్బంధించారు. సంకేతాలు పంపడం నేర్చినవాళ్ళు కదా, కబురు ఓడ నుంచి ఓడకు వైర్‌లెస్ మీదే వెళ్ళిపోయింది. బొంబాయి నుంచి కరాచీ, మద్రాసు, విశాఖపట్నం, కలకత్తా దాకా పాకింది. 78 ఓడలు, దాదాపు ఇరవై వేలమంది నావికులు. సమ్మె సంఘానికి అధ్యక్షుడు ఎం.ఎస్. ఖాన్, ఉపాధ్యక్షుడు మదన్ సింగ్. ఓడలమీద బ్రిటిష్ జెండా దించి కాంగ్రెసు జెండా, ముస్లింలీగు జెండా, ఎర్రజెండా మూడూ కలిపి ఎగరేశారు. ఆ సంవత్సరమే ఆగస్టులో కలకత్తాలో హిందువులూ ముస్లిములూ ఒకళ్ళనొకళ్ళు నరుక్కున్నారన్న సంగతి గుర్తు తెచ్చుకుని, ఆ మూడు జెండాల దృశ్యాన్ని మరొకసారి ఊహించుకోండి.

అయిదు రోజుల్లో అంతా అయిపోయింది. లొంగకపోతే నౌకాదళాన్నే నాశనం చేస్తామని అడ్మిరల్ గాడ్‌ఫ్రే రేడియోలో బెదిరించాడు. నావికులకు మద్దతుగా బొంబాయి కార్మికులు వీధుల్లోకి వస్తే కాల్పుల్లో రెండు వందలమందికి పైగా చచ్చిపోయారు. లొంగిపొమ్మని పటేల్ చెప్పాడు, జిన్నా చెప్పాడు. గాంధీజీకీ ఈ పద్ధతి నచ్చలేదు. అరుణా అసఫ్ అలీ వంటి కొద్దిమంది మాత్రం వెనక నిలబడ్డారు. ఫిబ్రవరి 23న నల్లజెండాలు ఎత్తి నావికులు లొంగిపోయారు. వందలమందిని ఉద్యోగాలనుంచి తీసేశారు. మరుసటేడు స్వాతంత్ర్యం వచ్చింది. ఇటు మన నౌకాదళం గాని, అటు పాకిస్తాన్ నౌకాదళం గాని వాళ్ళను మళ్ళీ చేర్చుకోలేదు.

పెద్దలది తప్పని కుర్రతనంగా తీర్పు చెప్పెయ్యను. అధికారం చేతికి రాబోతున్నది. సైన్యంలో క్రమశిక్షణ ఒకసారి చెడితే రేపు స్వతంత్ర దేశానికీ అదే తలనొప్పి అని పటేల్ అనుకున్నాడు. ఆ భయంలో అర్థం ఉంది. కాని ఒక్కటి అడుగుతాను. తిరుగుబాటును ఆపమనడం వేరు, తిరుగుబాటు చేసినవాణ్ణి మరిచిపోవడం వేరు. మొదటిది రాజనీతి కావచ్చు. రెండోదానికి ఏం పేరు పెట్టాలి? ముంబయిలో కొలాబా దగ్గర వాళ్ళ స్మారకం ఒకటి ఉంది. దత్ రాసిన పుస్తకం 1971లో వచ్చింది. మన పాఠ్యపుస్తకంలో మాత్రం ఒక పేరా, లేదా అదీ లేదు.

అయితే నాయకులు అక్కరలేదా? అక్కరలేదంటే నేను కూడా గైడు రాసినట్టే. దీనికి 1930 ఉంది. పూర్ణ స్వరాజ్యం తీర్మానం అయ్యాక గాంధీజీ పోరాటానికి ఉప్పును ఎంచుకున్నాడు. చదువుకున్న పెద్దలు చాలామంది పెదవి విరిచారు. ఉప్పేమిటి, సామ్రాజ్యమేమిటి అనుకున్నారు. ఈ ఉప్పు గొడవ వల్ల తనకు నిద్ర పట్టకపోవడమేమీ లేదని వైస్రాయి ఇర్విన్ లండన్‌కు రాసుకున్నాడు. మార్చి 12న సబర్మతి నుంచి 78 మందితో బయలుదేరి, 24 రోజులు నడిచి, ఏప్రిల్ 6న దండి తీరంలో గాంధీజీ గుప్పెడు ఉప్పు తీశాడు. ఆ ఏడాది అరవై వేలమందికి పైగా జైళ్ళకు వెళ్ళారు. మే నెలలో ఆయన్ని పట్టుకుపోయాక కూడా ధరాసనలో సత్యాగ్రహులు వరసలు వరసలుగా లాఠీల కిందకు నడిచారు. ముందు నిలబడింది సరోజినీ నాయుడు. దెబ్బలు తిన్నవాళ్ళ పేర్లు మాత్రం మనకు తెలియవు.

గాంధీజీ గొప్పతనం ఏమిటంటారు? బీదవాడి కంచంలో కూర లేకపోయినా ఉప్పు తప్పనిసరిగా ఉంటుందని ఆయనకు తెలుసు. బెంగాల్ కూలీ, తెలుగు జాలరి, గుజరాతీ రైతు, ఎవరికి వారుగా ఉన్నవాళ్ళందరినీ ఒకే కంచం ముందు కూర్చోబెట్టాడు. నావికులకు ఓడ చేసిపెట్టిన పనిని దేశానికి ఆయన ఉప్పుతో చేశాడు. చరిత్రలో నాయకుడి స్థానం అదని నా అభిప్రాయం. కోపాన్ని పుట్టించేవాడు నాయకుడు కాడు. అది ముందే ఉంటుంది, దాన్ని కలిపేవాడు నాయకుడు. 1930లో ఆ పని జరిగింది. 1946లో, కలిసి ఉన్నవాళ్ళను విడివిడిగా ఇళ్ళకు పంపించారు.

పోయిన సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు మా అమ్మమ్మను చిన్నప్పటి తిండి గురించి అడిగాను. 1965, 66 కరువు రోజులు, అమెరికా గోధుమలు, రొట్టె చెయ్యడం చేతకాక గోధుమలను అన్నంలా ఉడికించి తిట్టుకుంటూ తిన్న సంగతి చెప్పింది. "సోమవారం రాత్రి మా నాన్న అన్నం తినేవాడు కాదురా. శివుడి కోసమనుకునేదాన్ని. శాస్త్రిగారి కోసమని పెద్దయ్యాక తెలిసింది" అన్నది. వారానికో పూట మానమని లాల్‌బహదూర్ శాస్త్రి అడిగితే, ఆయన్ని ఎన్నడూ చూడని ఒక పల్లెటూరి రైతు మానేశాడు. ఆయన పేరు ఏ పుస్తకంలోనూ లేదు. నాక్కూడా ఆ రోజుదాకా తెలియదు, సొంత ముత్తాతే అయినా.

కాబట్టి లెక్చరర్లకు ఒక విన్నపం. ఎసైన్‌మెంటు పేరుతో గైడులోని కారణాలను మాచేత మళ్ళీ రాయించవద్దు. ప్రతి విద్యార్థినీ సెలవుల్లో తన ఊళ్ళో ఒక ముసలి మనిషి దగ్గర కూర్చోమనండి. ఏం తిన్నారు, ఏం తినలేదు, ఎవరు తిట్టారు, ఎప్పుడు ఎదురు తిరిగారు, ఎందుకు తిరగలేదు, రాసుకు రమ్మనండి. అది డిపార్టుమెంటు బీరువాలో ఉంటే చాలు. ఆ మనుషులు వెళ్ళిపోయాక ఏ గ్రంథాలయంలోనూ అది దొరకదు.

తోటి విద్యార్థులకూ ఒక మాట. యూనియన్ ఎన్నికల్లో మన గోడలనిండా మహాపురుషుల బొమ్మలు అంటిస్తాం, ఒక్కో పార్టీకి ఒక్కో బొమ్మ. అంటించండి, తప్పులేదు. కాని మెస్సులో కంచాలు ఎత్తే కుర్రాడు ఎక్కడ తింటాడో, ఎప్పుడు తింటాడో మనలో ఎంతమందికి తెలుసు? ఇది రాయడం మొదలుపెట్టే రోజుకు నాకు తెలియదు. నిన్న వెళ్ళి అడిగాను. అందరం తిన్నాక, మిగిలితే, వంటగది వెనక మెట్ల మీద.