కుంచెకు గుర్తింపు ఏదీ?

ఉత్తరప్రదేశ్‌లోని బులంద్‌షహర్ జిల్లా ఖుర్జా పట్టణం పింగాణీ పాత్రలకు పెట్టింది పేరు. పువ్వులు, లతలు చిత్రించిన ఇక్కడి పళ్లాలు, గిన్నెలు, కప్పులు విదేశీ విపణికీ చేరుతున్నాయి. 2018లో ప్రారంభించిన 'ఒక జిల్లా - ఒక ఉత్పత్తి' పథకంలో ఆ రాష్ట్ర ప్రభుత్వం ఈ జిల్లాకు పింగాణీ పరిశ్రమనే ఎంపిక చేసింది. అయితే ఊరికి దక్కిన గౌరవం, పళ్లెంపై పువ్వు గీసిన చేతికి దక్కడం లేదు.

పాత్రలపై చిత్రణ ప్రధానంగా రెండు విధాలు. మొదటిది కుంచె పని. ఒకసారి కాల్చిన పాత్ర రంగును ఇట్టే పీల్చుకుంటుంది కనుక, గీత తప్పితే దిద్దుకునే అవకాశం స్వల్పం. ఆ నేర్పు ఏళ్ల తరబడి సాధనతో గానీ అలవడదు. రెండవది అచ్చు పని. బొమ్మ ముద్రించిన 'డెకాల్' కాగితాన్ని నీటిలో తడిపి, బొమ్మను పాత్రపైకి దింపి, తిరిగి కాలుస్తారు. ఇది త్వరగా, చౌకగా పూర్తవుతుంది. ఇందులో తప్పేమీ లేదు. సామాన్యుని ఇంటికి అందమైన కప్పును చేర్చింది ఈ పద్ధతే.

చిక్కంతా ఈ రెండూ ఏ వివరమూ లేకుండా ఒకే అరలో అమ్ముడు కావడంలో ఉంది. తేడా తెలియని కొనుగోలుదారు ధరనే చూస్తాడు. ఫలితంగా కుంచె అచ్చు ధరతో పోటీ పడవలసి వస్తోంది. కూలి గిట్టని విద్యను తండ్రి కొడుకుకు నేర్పడు.

జర్మనీలోని మైసెన్ కర్మాగారం 1710లో ఆరంభమైంది. రెండు ఖడ్గాల ముద్రను అది దాదాపు మూడు శతాబ్దాలుగా కాపాడుకుంటూ వస్తోంది. చిత్రకారులకు సొంతంగా శిక్షణ ఇస్తోంది. పేరుతో పాటు పనితనాన్నీ నిలబెట్టుకోవడమే దాని విలువకు మూలం.

మన దేశంలోనూ మార్గం లేకపోలేదు. 1999 నాటి భౌగోళిక సూచికల చట్టం కింద ఖుర్జా పింగాణీకి గుర్తింపు లభించింది. కాగా అది ఊరి పేరుకు రక్షణే తప్ప, ఫలానా పళ్లెంపై పువ్వు కుంచెదో, కాగితానిదో కొనేవారికి చెప్పదు. మరమగ్గం బట్ట నుంచి చేనేతను వేరుచేసి చూపేందుకు 2006లో కేంద్రం చేనేత ముద్రను ప్రవేశపెట్టింది. పింగాణీ కుంచె పనికీ అటువంటి ముద్ర అవసరం.

చిన్న కార్ఖానాలకు ఇది అదనపు భారమన్న వాదన సహజమే. అందుకే దీనిని నిర్బంధం చేయకుండా, కోరినవారికి నామమాత్రపు రుసుముపై ఇవ్వాలి. పళ్లెం అడుగున చిత్రకారుని గుర్తు ఒక్కటి వేయడానికి అయ్యే ఖర్చు స్వల్పం. ముద్ర ఉన్నంత మాత్రాన అమ్మకాలు పెరుగుతాయని భరోసా లేదు. చేనేత అనుభవమూ ఆ మాటే చెబుతుంది. కానీ తేడా తెలిసిన తర్వాతే ఎక్కువ ధర ఇవ్వాలా, వద్దా అన్న నిర్ణయం కొనేవారి చేతిలో ఉంటుంది. ఆ పాటి న్యాయం కుంచె పట్టిన చేతికి జరిగితీరాలి.