‘వంద శాతం ఉన్ని’ అంటే సరిపోతుందా?

స్వెట్టర్ కొనేవాళ్లు మెడ దగ్గర చీటీ తిప్పి చూస్తారు. ‘వంద శాతం ఉన్ని’ అని కనిపిస్తే చాలు, బేరం కుదిరినట్టే. ఆ ఉన్నిని మిల్లులో ఏం చేశారో మాత్రం చీటీ చెప్పదు. నూలు సాగుతుందా, బిగుస్తుందా, ఎన్నాళ్లు మన్నుతుంది అన్నది చాలావరకు తేలేది అక్కడే.

ఉన్ని పోగు మీద చేప పొలుసుల్లా సన్నటి పొరలుంటాయి. వేడినీళ్లు, సబ్బు, రాపిడి కలిస్తే అవి ఒకదానికొకటి చిక్కుకుంటాయి, మళ్లీ విడిపోవు. నాన్న స్వెట్టర్ వాషింగ్ మెషీన్‌లో పడి చంటిపిల్లాడి సైజుకు రావడానికి కారణం ఇదే. దీనికి విరుగుడుగా మిల్లులు ఎక్కువగా నమ్ముకున్నది క్లోరిన్-హెర్కోసెట్ పద్ధతి. ముందు క్లోరిన్‌తో పొలుసుల అంచులు అరగదీసి, తర్వాత పల్చటి రెసిన్ పూత పూస్తారు. ‘సూపర్‌వాష్’ పేరుతో అమ్ముడయ్యేది చాలావరకు ఈ నూలే.

నూలు నునుపు తేలుతుంది, రంగు త్వరగా పడుతుంది, మెషీన్‌లో వేసినా ముడుచుకోదు. అయితే పోగును పోగు పట్టి ఉంచే బిగి తగ్గుతుంది. అల్లికలు చేసేవాళ్లను అడిగితే చెబుతారు: తడి సూపర్‌వాష్ స్వెట్టర్‌ను తీగ మీద వేలాడదీస్తే నడుము దాటి కిందికి సాగుతుంది. క్లోరిన్ మోతాదు మించితే నూలు బలమే పోతుంది. మిల్లు వదిలే నీళ్లలో క్లోరిన్ వ్యర్థాలు సరేసరి. పోనీ ఎంజైములు వాడదామంటే, అవి పొలుసు దగ్గర ఆగకుండా పోగు లోపలికి దిగి దాన్నే తినేస్తాయి.

తెలంగాణ గొర్రెల కాపరులు కప్పుకునే గొంగడి దారి వేరు. దక్కనీ గొర్రె ఉన్ని ముతక. చేత్తో వడికిన నూలును పడుగు పోసి, చింతగింజల గంజి పట్టిస్తారు. లేచిన నూగు అణుగుతుంది, మగ్గం మీద రాపిడికి పోగు తెగదు. కొత్త గొంగడి బిర్రుగా ఉండటానికి ఈ గంజి కూడా ఒక కారణం.

గొంగడిని మెరినో ఉన్నిలా మెత్తగా చేయాలన్న సలహాలో పస లేదు. ఒంటికి గుచ్చుకునేవి సుమారు 30 మైక్రాన్లు దాటిన పోగుల కొనలు. సిలికోన్ పూస్తే నూలు నునుపెక్కుతుంది గాని పోగు సన్నబడదు. వానలో, చలిలో, ముళ్లకంపల మధ్య తిరిగే కాపరికి ఆ నునుపుతో పనేముంది?

క్లోరిన్ పట్టించారా, రెసిన్ పూశారా అన్నది చీటీ మీద రాయడం తప్పనిసరి చేయాలి. అప్పటిదాకా దుకాణంలో అడగండి. జవాబు దొరక్కపోతే చన్నీళ్లలో చేత్తో ఉతికి, నీడలో పరిచి ఆరబెట్టండి.