జీతం ఏ ఊళ్లో ఎక్కువ? మిగులు ఏ ఊళ్లో?

కొత్తపట్నంలో పరుపులు కుట్టి ఇల్లు గడుపుకొచ్చిన ఒక పెద్దాయన మొన్న జుమా తర్వాత మా దగ్గర కూర్చుని ఒక మాట అడిగాడు. "హజ్రత్, పెద్దోడు హైదరాబాదులో నెలకు ఇరవై నాలుగు వేలు సంపాదిస్తున్నాడు. చిన్నోడు ఒంగోలులో పదహారు వేల దగ్గరే ఆగిపోయాడు. వాణ్ణి కూడా అన్న దగ్గరికి పంపమంటారా?"

ఇద్దరూ మా దగ్గర అక్షరాలు దిద్దిన పిల్లలే. ఇద్దరూ ఏసీలు, ఫ్రిజ్‌లు బాగుచేసే పనిలో ఉన్నారు. మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాము. వచ్చే శుక్రవారం దాకా గడువు అడిగాము.

ఈ ప్రశ్న ఆ ఒక్క ఇంటిది కాదు. ఫోమ్ పరుపులు వచ్చి దూది ఏకే పనిని మింగేసిన తర్వాత గుంటూరు, ప్రకాశం జిల్లాల్లోని ఎన్నో నూర్ బాషా కుటుంబాలు ఇదే ప్రశ్న వేసుకున్నాయి. ఒంగోలులో ఉండాలా, గుంటూరు పోవాలా, హైదరాబాదు చేరాలా, గల్ఫ్ విమానం ఎక్కాలా అన్నది మన ప్రతి మొహల్లాలోనూ నలుగుతున్న విషయమే. అయితే మనం సాధారణంగా జీతం అంకె ఒక్కటే అడుగుతాము. ఖర్చు సంగతి ఊరు మారిన తర్వాత గాని తెలియదు.

అన్నదమ్ముల లెక్క

అన్నదమ్ములిద్దరినీ ఫోనులో అడిగి లెక్క రాసుకున్నాము. పెద్దవాడికి ఇంటి కిరాయి 9,500, పిల్లల ఫీజులు 4,000, పెట్రోలు 2,500, తిండికీ గ్యాసుకూ 8,000. మొత్తం 24,000. మిగిలేది సున్నా. జ్వరం వస్తే అప్పే.

చిన్నవాడికి కిరాయి 4,500, ఫీజులు 1,500, పెట్రోలు 1,000, బియ్యం ఇంటి నుండి వస్తాయి కనుక తిండికి 6,500. మొత్తం 13,500. నెలకు 2,500 మిగులుతోంది. ఏడాదికి ముప్పై వేలు. ఎనిమిది వేలు తక్కువ తెచ్చేవాడి చేతిలోనే డబ్బు నిలుస్తోంది.

ఊరికీ ఊరికీ ఉన్న ఈ తేడా ప్రభుత్వానికి తెలియనిది కాదు. కేంద్ర ప్రభుత్వం తన ఉద్యోగుల ఇంటి కిరాయి భత్యం కోసం ఊళ్లను మూడు తరగతులుగా విభజించింది. 2024 జనవరి నుండి హైదరాబాదు వంటి మహానగరంలో మూల వేతనంపై 30 శాతం, గుంటూరు, విజయవాడ వంటి నగరాల్లో 20 శాతం, ఒంగోలు వంటి ఊళ్లలో 10 శాతం ఇచ్చారు. అంటే మూల వేతనం 18,000 ఉన్న ఉద్యోగికి హైదరాబాదులో 5,400, గుంటూరులో 3,600, ఒంగోలులో 1,800. మరి ఆటో తోలే వాడికి, మెకానిక్కుకు, మిర్చి యార్డులో బస్తాలు మోసే హమాలీకి ఈ భత్యం ఎవరిస్తారు? ఆ తేడాను అతను తన పిల్లల పాలలో నుండి, పుస్తకాలలో నుండి కోసుకుంటాడు.

పత్రికల్లో వచ్చే వినియోగ ధరల సూచీ చూసి కూడా కొందరు పొరబడతారు. లేబర్ బ్యూరో వేసే ఆ లెక్కలో ప్రతి ఊరికీ 2016 నాటి ధరలను 100 గా పెట్టుకుంటారు. ఆ ఊళ్లో అప్పటి నుండి ధరలు ఎంత పెరిగాయో అది చెబుతుంది. రెండు ఊళ్లలో ఏది ఖరీదైనదో చెప్పదు. కాబట్టి మన ఇంటి లెక్క మనమే వేసుకోవాలి.

అమెరికా పత్తిచేల నుండి

మన కన్నా ముందే ఈ ప్రశ్నను ఎదుర్కొన్న వారు అమెరికాలోని నల్లజాతి ప్రజలు. వారూ పత్తి పండే నేల వారే. 1910 నుండి 1970 వరకు దాదాపు అరవై లక్షల మంది దక్షిణాది రాష్ట్రాలు వదిలి షికాగో, డెట్రాయిట్, న్యూయార్క్ వంటి నగరాలకు తరలిపోయారు. అవమానాలకూ, దాడులకూ దూరంగా పోవాలన్నది ఒక కారణం, కూలి రెండవ కారణం. 1914లో ఫోర్డ్ కంపెనీ డెట్రాయిట్‌లో రోజుకు ఐదు డాలర్ల వేతనం ప్రకటించింది. ఆనాటికి అది చాలా పెద్ద మొత్తం.

జీతం దొరికింది గాని ఇల్లు దొరకలేదు. 1930లలో ప్రభుత్వ సంస్థే పటాలు గీసి నల్లజాతి బస్తీలకు ఎర్రరంగు పూసింది. అక్కడ ఇళ్లకు అప్పివ్వడం ప్రమాదమని దాని అర్థం. ఇళ్ల విషయంలో ఈ వివక్షను నిషేధిస్తూ చట్టం 1968లో గాని రాలేదు. ఈ లోపల రెండు తరాల వారు కిరాయి కడుతూనే గడిపారు.

తర్వాత ఏ నగరం ఏమైందో చూడండి. డెట్రాయిట్‌లో కార్ల ఫ్యాక్టరీలు తరిగిపోయాయి. 1950లో పద్దెనిమిదిన్నర లక్షలున్న జనాభా 2020 నాటికి ఆరున్నర లక్షల లోపుకు పడిపోయింది. 2013లో నగరపాలక సంస్థ దివాలా తీసింది. ఇళ్లు చౌకయ్యాయి, కాని పని పోయింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగింది దీనికి తలకిందులు. అక్కడ జీతాలు ఆకాశాన్ని అంటాయి, వాటిని మించి కిరాయిలు పెరిగాయి. 1970లో నగర జనాభాలో 13 శాతం దాకా ఉన్న నల్లజాతి వారు 2020 నాటికి 5 శాతానికి వచ్చారు.

1970ల నుండి చాలామంది మళ్లీ దక్షిణాదికే తిరిగి వచ్చారు. అట్లాంటా వారికి పేరుపొందిన ఊరు అయింది. చౌక ఒక్కటే దానికి కారణం కాదు. 1867లో మొదలైన మోర్‌హౌస్, 1881లో మొదలైన స్పెల్మన్ వంటి వారి కళాశాలలు అక్కడ ఉన్నాయి. బానిసగా పుట్టి క్షౌరవృత్తితో ఎదిగిన అలోంజో హెర్న్‌డన్ 1905లో అక్కడే బీమా సంస్థ పెట్టాడు. 1973లో మేయరుగా ఎన్నికైన మేనార్డ్ జాక్సన్ విమానాశ్రయం కాంట్రాక్టుల్లో నల్లజాతి వ్యాపారులకు వాటా ఉండాలని పట్టుబట్టి సాధించాడు. అయినా అట్లాంటాను స్వర్గమని చెప్పలేము. ధనవంతులకూ పేదలకూ మధ్య అగాధం అమెరికాలో అత్యధికంగా ఉన్న నగరాల్లో అదీ ఒకటి. ఆ సంస్థల నీడ అందినవారు బాగుపడ్డారు, అందని వారు అక్కడా వెనుకబడ్డారు.

మనకు తెలియవలసినది

ఇక మన సంగతి. 2006 నాటి సచార్ కమిటీ నివేదిక ప్రకారం దేశంలో ముస్లింలలో 35.7 శాతం పట్టణాల్లో ఉండగా, మొత్తం జనాభాలో పట్టణవాసులు 27.8 శాతమే. మనం పట్నం చేరడంలో ముందున్నాము. కాని 2004–05 లెక్కల్లో పట్టణ ముస్లింలలో 38 శాతం పేదలు. పట్నం చేరినంత మాత్రాన పేదరికం వెనుక ఉండిపోదని, మనతో పాటే బస్సెక్కి వస్తుందని దీని భావం.

పేదరికాన్ని దింపేవి చదువు, సొంత గూడు, సొంత పనిముట్లు. ఉమ్మడి రాష్ట్రంలో 2007 చట్టం వెనుకబడిన ముస్లిం వర్గాలకు 4 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. దూదేకుల సోదరులు బి.సి. బి జాబితాలో ఉన్నారు. ఈ తలుపు ఒంగోలు పిల్లలకూ, హైదరాబాదు పిల్లలకూ ఉంది. దాని కోసం మహానగరంలో కిరాయి కట్టనక్కరలేదు. సర్టిఫికెట్ సకాలంలో తీసుకుని, ఆడపిల్లను పదో తరగతితో ఆపకుండా ఉంటే చాలు.

ఇది చెప్పి హైదరాబాదును తూలనాడడం మా ఉద్దేశం కాదు. పెద్దవాడి కూతురు ఇంటర్ చదువుతోంది. కాలేజీ ఇంటికి నడిచిపోయే దూరంలో ఉంది. కొత్తపట్నంలో ఉంటే ఆ పిల్ల రోజూ బస్సు కోసం ఎదురు చూడవలసి వచ్చేది. చేతిలో మిగలని ఆ డబ్బు ఆ పిల్ల చదువులో మిగులుతోంది. అందుకే పెద్దవాణ్ణి వెనక్కి రమ్మనలేదు.

చిన్నవాడి విషయం వేరు. ఎనిమిది వేలు ఎక్కువ వస్తుందన్న ఒక్క ఆశతో ఊరు మారితే, అతని ముప్పై వేలూ ఇంటి యజమానికి చేరతాయి. పి.ఎఫ్. ఉన్న స్థిరమైన ఉద్యోగమో, ఇక్కడ దొరకని పనితనం నేర్పే చోటో దొరికితే తప్పక పోవాలి. లేకుంటే రెండేళ్లు ఒంగోలులోనే ఆగి, ఆ మిగులుతో సొంత పనిముట్లు కొనుక్కుని చిన్న దుకాణం పెట్టుకోవడం మేలు.

ఈ శుక్రవారం పెద్దాయనకు మేము చెప్పబోయేది ఇదే. పాఠకులు కూడా కొడుకును బస్సెక్కించే ముందు ఒక కాగితం తీసుకుని ఇంటిల్లిపాదీ కూర్చోండి. జీతం పైన రాయండి, కిరాయి కింద రాయండి. ఆ రెంటి మధ్య మిగిలే అంకె చూడండి. ఆ ఊరు పిల్లలను ఎంతవరకు చదివిస్తుందో కూడా పక్కనే రాయండి. మన ప్రయాణం ఆ కాగితాన్ని బట్టి నిర్ణయం కావాలి.