దూడ తండ్రిని తేల్చే కొలువు

ఒక లెక్క చూడండి. ఒక మార్కర్ దగ్గర దూడ డీఎన్‌ఏ 140/146, తల్లిది 140/142. అంటే 146 తండ్రి నుంచే రావాలి. రికార్డులో తండ్రిగా రాసిన ఆబోతుది 144/148. అనుమానం వచ్చింది కదా? ఒక్కచోట తేడా అయితే మ్యుటేషన్ అనుకోవచ్చు, ల్యాబ్ పొరపాటూ అనుకోవచ్చు. మూడు నాలుగు చోట్ల వస్తే ఆ ఆబోతు తండ్రి కాదు. పశువులకు అంతర్జాతీయంగా వాడే మైక్రోశాటిలైట్ ప్యానెల్‌లో ఇలాంటివి 12 ఉన్నాయి. ఇప్పుడు ఎస్‌ఎన్‌పీల వైపు మళ్లుతున్నారు.

చెవి ట్యాగు ఉండగా ఇదంతా ఎందుకంటారా? ట్యాగు ఊడిపోతుంది, రిజిస్టరులో అంకె తప్పు పడుతుంది. ఒక ఆబోతు వీర్యం వేల ఆవులకు వెళ్తుంది. కూతుళ్ల పాలు కొలిచే దాని విలువ కడతారు. ఆ కూతుళ్లు వేరే ఆబోతువైతే లెక్కంతా తారుమారు, నష్టం రైతుది.

బయోటెక్, జెనెటిక్స్ చదివి ఫార్మా కంపెనీల చుట్టూనే తిరుగుతున్నవాళ్లు ఇటూ ఓ చూపు వేయాలి. గిర్, సాహివాల్, మన ఒంగోలు లాంటి స్వదేశీ జాతుల కోసం 2021లో విడుదలైన ‘ఇండిగౌ’ చిప్‌ను రూపొందించింది హైదరాబాద్‌లోని జాతీయ పశు జీవసాంకేతిక సంస్థే. కొలువులు కుప్పలుగా ఉన్నాయని ఊరించం. దొరికేవి ఎక్కువగా ప్రాజెక్టు పోస్టులే. పైగా ‘పీసీఆర్ వచ్చు’ అని రెజ్యూమెలో అందరూ రాస్తారు. పైన చెప్పిన లెక్కను 12 మార్కర్లకు చేసి, ఫలితం ఎంత నమ్మదగిందో చెప్పగలిగేవాళ్లు తక్కువ. దానికి కాస్త సంభావ్యత, కాస్త ఆర్ ప్రోగ్రామింగ్ కావాలి. వెటర్నరీ డిగ్రీయే ఉండాలనేం లేదు.